కన్ను విచ్చిన కాయ

పొద్దు పొడవక ముందే బాలానగర్ సడక్ మీద
సీతాఫలం గంపలు దిగుతయి.
గుట్ట వాసన ఇంకా ఆరలేదు వాటికి.
కప్పిన ఆకుల మీద మంచు,
అడుగున దారి తప్పిన ఒకటో రెండో గండుచీమలు.

నా పని పెట్టెల మీద రాయడం.
శంషాబాద్ నుంచి లండన్,
ఏడువేల ఏడువందల చిల్లర కిలోమీటర్లు.
షావుకారు గోడకు అంటించిన పటంల
ఆ రెండు ఊర్ల నడుమ గీత
స్కేలు పెట్టి గీసినంత తిన్నగ ఉంటది.

సక్రీబాయికి గీతతో పనిలేదు.
కాయను అరచేతిల తిప్పుతది,
బొటనవేలితో ఒక్కొక్క కన్నూ తడుముతది.
కన్నుకూ కన్నుకూ నడుమ సందు
తెల్లబడి విచ్చుకుంటే
"ఇది రేపటిది" అంటది.
ఇంకా బిగిసి ఉంటే ఎల్లుండిది.
అసలే కన్ను తెరవని గుడ్డికాయను మాత్రం
"ఇది ఏ దేశం పోయినా పండది, రాయైతది"
అని మేకల దిక్కు విసిరేస్తది.

విమానం ఎంతసేపు పోతదని అడిగింది ఓనాడు.
పదిన్నర గంటలన్న.
"గంతేనా?"
తండా నుంచి గుట్టెక్కి, ముండ్ల సందుల దూరి
గంప నింపుకొని దిగొచ్చేసరికి
ఆమెకూ దగ్గర దగ్గర అంతే పడ్తది.

మా తాత కాలంల దూరమంటే
రెండు చుట్టలు కాల్చినంత,
కుండెడు జొన్న గటక ఉడికినంత.
మైలురాళ్లు తర్వాత పాతిండ్రు.
ఇప్పుడు ఆకాశంల మళ్లీ
దూరాన్ని పొద్దుతోనే కొలుస్తున్నరు.
చుట్ట కాల్చనియ్యరు, అంతే తేడా.

పోయేటప్పుడు పదిన్నర, వచ్చేటప్పుడు తొమ్మిదిన్నర.
ఒకటే తొవ్వకు రెండు లెక్కలేందని
కార్గో పిలగాన్ని నేనే అడిగిన.
పైన గాలి వాగు లెక్క పారుతదట,
పడమటి నుంచి తూర్పుకు.
పోయేటప్పుడు ఎదురీత,
వచ్చేటప్పుడు అదే తోస్తది.
చెప్తే సక్రీబాయి పగలబడి నవ్వింది.
"మాకు ఎక్కేటప్పుడు ఖాళీ గంప,
దిగేటప్పుడు ముప్పై కిలోలు.
మమ్ముల తోసే గాలి
ఏ దిక్కు నుంచి వస్తది సారూ?"
నా కాగితంల వెతికిన. లేదు.

దసరా ముందు వాన.
షాద్‌నగర్ దాటినంక టోల్‌గేటు కాడ
లారీ మీద లారీ.
ఏడువేల కిలోమీటర్లకు సరిపోయే కాయ
నలభై ఐదు కిలోమీటర్లకు సరిపోలేదు.
విమానం దాని యాళ్లకు అది లేచిపోయింది.
తెల్లారి నూటపన్నెండు పెట్టెలు
వాపసొచ్చి షెడ్డు ముంగట నిలబడ్డయి.
నేను రాసిన ఊరి పేరు
రసానికి నాని, సగమే మిగిలింది.

షావుకారు ఫోన్‌ల ఎవరినో తిడుతుండు.
మేమందరం కింద కూసొని తిన్నం.
పదారేండ్లుగ రాస్తున్న గానీ
లండన్ కాయ నోట్లె పెట్టుకునుడు అదే మొదలు.
గుట్ట కాయే. అదే తీపి.
గింజలు ఉమ్మి, ఎవరివి ఎక్కువని
ఆడోళ్లు పందెం కాసిండ్రు.

రాత్రంతా స్టీరింగు పట్టుకున్న డ్రైవరు ఆశన్న
బండి కింద గోనెసంచి పరుచుకొని
అప్పటికే గుర్రు పెడుతుండు.
సక్రీబాయి పెట్టెలన్నీ తడిమి తడిమి
ఇంకా గట్టిగున్న కాయ ఒకటి ఏరింది.
తువ్వాల మడత పక్కన పెట్టి
"లేచేవరకు పండుతది" అన్నది.

ఎంతసేపు పడుకుంటడో
ఆమెకెవరు చెప్పిండ్రో.