మూడొందల ఇరవై

కాశీబుగ్గలో నా అద్దెగది కింద
జీడిపప్పు బట్టీ.
తొక్క కాలిన పొగ పొద్దున్నే మెట్లెక్కి వచ్చి
నాకంటే ముందు లాగిన్ అవుతుంది.

ఆరేళ్ళుగా నేను ఒకే మెట్టు మీద.
శ్రీవత్స, మా మేనేజరు, నాకన్నా మూడేళ్ళు చిన్న,
తెర మీద చిరునవ్వు సర్దుకుని అంటాడు:
"పని బాగుంది. కానీ కథ లేదు.
పై లెవెల్‌కి ఒక కథ కావాలి."

ముందటేడు కట్టాను ఒక కథ.
ఎవరూ అడగని అలారం వ్యవస్థ,
దానికో పేరు, ముప్పై స్లైడ్లు, చప్పట్లు.
అది అర్ధరాత్రుళ్ళు
పూణేలో ఓ పసిబిడ్డ తల్లిని
ఉత్తపుణ్యానికి లేపేది.
ప్రమోషను అప్పటికీ అరంగుళం దూరంలోనే ఆగింది.
ఈ ఏడు దాన్ని నేనే పీకేశాను.
నాలుగువేల వరుసలు చెరిపాక
ఆవిడ నిద్రపోయింది.
ఒకరి నిద్రని ఏ గడిలో నింపాలో
ఫారంలో లేదు.

అంతా అంత పుణ్యమూ కాదులెండి.
మూడింటికల్లా నా పని అయిపోతుంది.
ఆపైన మౌసుకి దారం కట్టి
టేబుల్ ఫ్యాను మెడకి తగిలిస్తాను.
అది అటు తిరిగి ఇటు తిరిగి
నా పేరు పక్కన పచ్చదీపాన్ని
ఆరకుండా కాస్తుంది.
నేను కిందికి దిగి
గ్రేడింగు బల్ల దగ్గర కూచుంటాను.

దాలమ్మ వేళ్ళు చూడాలి.
నూట ఎనభై, రెండొందల పది, రెండొందల నలభై.
అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది.
"తూకానికెన్ని తూగితే అదే దాని పేరు బావూ.
ఇదిగో, మూడొందల ఇరవై.
పెళ్ళి పాయసంలోకైనా, పకోడీలోకైనా
లోకమంతా తినీది ఇదే.
పెద్దగుండు గాజుసీసాలో కూకోడానికే."

పొంగిపోయాను, నా గురించే అన్నట్టు.
"ఇరవయ్యేళ్ళయింది కదా, మేస్త్రీవి కాలేదేం?"
"సేసినారు, రెండు నెల్లు.
మా తోటికోడలు బద్దలెక్కువ సేస్తందని
దాని మీదే అరవమన్నారు.
రోజుకి పాతిక ఎక్కువిత్తామన్నారు.
నానొగ్గీసినాను."

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.
తేలిగ్గా మెట్లెక్కి వెళ్ళిపోయేవాణ్ణి.
ఆవిడ ఓ గింజని కంటి దగ్గరకి తెచ్చుకుంది,
ఇంకాస్త దగ్గరకి.
"సూపు ఆనట్నేదు" అంది, మేస్త్రీకి వినపడకుండా.
"తెలిస్తే ముక్కల బల్లకి తోసీస్తారు.
ఎక్కనంటే ఊరుకున్నారు బావూ.
దిగనంటే ఊరుకుంటారేటి?"

పోయిన మార్చిలో ఒకే మధ్యాహ్నం
మా జట్టులో పదకొండు పేర్లు బూడిదరంగయ్యాయి.
అందులో ఋత్విక్ ఉన్నాడు,
మూడేళ్ళలో రెండు మెట్లు ఎగబాకినవాడు.
నేను లేను.
ఏ జల్లెడ పట్టారో
ఎవరూ చెప్పలేదు.

పైన ఫారం తెరిచే ఉంది.
వచ్చే ఏడాది నీ లక్ష్యం?
"ఉన్నది విరక్కుండా చూస్తాను" అని రాశాను.
చెరిపాను.
మళ్ళీ రాసి, ఒత్తు సరిచేశాను.

కరెంటు పోయింది.
ఫ్యాను మెడ సగం తిప్పి ఆగింది.
దారం సడలింది.
ఐదు నిమిషాలకి నా పేరు పక్కన
దీపం పసుపైంది.

కింద, పళ్ళేలు ఈడ్చుకుంటూ ఆడవాళ్ళు
వెలుతురున్న గుమ్మంలోకి
జరుగుతున్న చప్పుడు.