గోళీ ఆగిన చోటు

కెజియా, ఇల్లు చూడ్డానికి ఎండ రోజున వెళ్ళకు.
గ్లాస్గోలో ఎండ కాసిన పూట
ప్రతి ఇల్లూ పెళ్ళిచూపులకు కూర్చున్న పిల్లే.
వానలో వెళ్ళు. నవంబరులో, సాయంత్రం నాలుగింటికి,
ఏజెంటు గొడుగు విదిలిస్తూ తలుపు తీసేటప్పుడు
ముందు ముక్కుతో చూడు.
బీరువా వెనక చెమ్మ
కొత్త రంగు కింద నుంచి కూడా తన పేరు చెప్పుకుంటుంది.

కుళాయి తిప్పు. వేడినీళ్ళొచ్చేదాకా లెక్కపెట్టు.
నలభై దాటితే నమస్కారం పెట్టి వచ్చెయ్.
కిటికీ తెరుచుకోకపోతే ఎందుకని అడుగు,
ఏజెంటు నవ్వితే మళ్ళీ అడుగు.
మెట్లు కడిగే వంతు చీటీ
ఎవరి గుమ్మానికి వేలాడుతోందో చూడు.
మా మెట్ల మీద మిసెస్ గాల్‌బ్రైత్ ఉండేది.
నా వారం నేను మర్చిపోతే
బకెట్టు తెచ్చి నా తలుపు ముందు పెట్టి పోయేది, మాటైనా అనకుండా.
ఈ దేశం వచ్చిన పదకొండేళ్ళలో
నన్నంత గట్టిగా తిట్టినవాళ్ళు లేరు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మనవాళ్ళు.
అద్దెకు దిగి చూడు అని చేర్చడం మరిచారు.
నేను ఆరు దిగాను.

నా పని నీకు తెలుసుగా, చిన్న కొట్ల లెక్కలు:
క్షవరశాలలు, చేపల వేపుడు కొట్లు, ఒక పూల బండి.
అట్టపెట్టె నిండా నూనె మరకల రసీదులు
జనవరిలో తెచ్చి పడేస్తారు,
నెలాఖరుకల్లా సర్కారుకి లెక్క చెప్పాలి.

నది కనబడే ఇల్లయితే పని పరుగెడుతుందనుకున్నాను ఒకప్పుడు.
తీసుకున్నాను కూడా. పార్టిక్‌లో, నాలుగో అంతస్తు,
కిటికీ నిండా క్లైడ్ నది.
మంచి బల్ల, మంచి కుర్చీ, నడుముకి దిండు,
రోజుని గంటలుగా కోసి
రంగు చీటీల మీద గోడకి అంటించాను.
ఆ చలికాలం నేను చేసిన పనల్లా
నీటికాకులు రెక్కలారబెట్టుకోవడం చూడటం.
పూల బండి ఆయనకి వంద పౌన్లు జరిమానా పడింది.
నేనే కట్టాను.

నిజంగా పని చేసిందెక్కడో చెప్తే నవ్వుతావు.
గోవన్‌హిల్‌లో, రొట్టెల బట్టీ మీది గది.
కిటికీకి ఎదురు నాలుగు బారల దూరంలో ఇటుక గోడ.
తెల్లవారుజామున నాలుగింటికి
కింద రేకు పళ్ళేలు దడదడలాడేవి.
మొదట్లో తిట్టుకుంటూ లేచేదాన్ని.
తర్వాత తిట్టుకోకుండా.
ఆ తర్వాత పళ్ళేల కంటే ముందే లేచి, వాటి కోసం చెవి వేసి.
జుల్ఫికార్ పిండి బాదే చప్పుడొక వరస,
నా కూడికలొక వరస.
ఏడింటికి రొట్టెలు బయటికి, రసీదులు ఫైల్లోకి.
ఎనిమిదింటికి ఇద్దరం వీధిలో నిలబడి టీ తాగేవాళ్ళం.
పెద్దగా మాటలుండేవి కావు.
అతని చేతులకి పిండి, నా చేతులకి సిరా.

ఇరుకు గదిలోనే పని సాగుతుందని కాదు.
అలా చెప్పేవాళ్ళని నమ్మకు, వాళ్ళకి విశాలమైన ఇళ్ళుంటాయి.
ఆ చెమ్మకి నాకు రెండు చలికాలాలు దగ్గు.
ఏమో, పక్కన ఎవరో పని చేస్తుంటే
మన చేతులూ ఊరుకోవు, అంతే అయ్యుండొచ్చు.
జనవరి భయం కూడా అయ్యుండొచ్చు.

శనివారం డెనిస్టన్ ఇంటికి నేనూ వస్తాను నీతో.
వాన పడుతుందట, మంచిదే.
జేబులో గోళీ తెస్తాను, నేల మీద వదిలి చూద్దాం.
ఈ ఎర్రరాతి ఇళ్ళు నూరేళ్ళుగా ఏదో ఒక పక్కకి ఒరుగుతూనే ఉన్నాయి.
మరీ వేగంగా దొర్లితే వద్దు.
అసలు దొర్లకపోతే తివాచీ ఎత్తి చూడాలి.
బట్టీ మీది గదిలో అది ఎక్కడ వదిలినా
తిన్నగా పోయి పొయ్యి పక్క మూలకి కొట్టుకునేది.
పెన్సిలూ అక్కడికే, రబ్బరూ అక్కడికే,
పూల బండి ఆయన ఇచ్చిన చిల్లరా అక్కడికే.
వంగి వెతుక్కోలేక
చివరికి బల్లనే అక్కడికి జరిపాను.