ముక్కుసూటిగా

ఆరు పౌండ్లు దాటిన సీసా గడప తొక్కకూడదు.
మా క్లబ్బుకున్న నియమం ఇదొక్కటే.
రెండోదీ ఉంది గానీ దాన్నెవరూ పట్టించుకోరు:
అబద్ధం చెప్పకూడదు.

నవంబరు మొదటి గురువారం.
లానెల్లిలో వాన అడ్డంగా కురుస్తోంది.
రగ్బీ మైదానం వెనక గదిలో
హీటరు మీద ఎవరివో చేతి తొడుగులు ఆరుతున్నాయి.
బల్ల మీద ఆరు సీసాలు,
మెడదాకా ఎర్ర మేజోళ్లు తొడుక్కుని,
ఫొటోకి నిలబడ్డ పిల్లల జట్టులా.
మేజోళ్లు ఎలునెడ్ తెచ్చింది.
ఉతికినవేనని ఒట్టు పెట్టింది.
అయినా మొదటి గ్లాసు ఎత్తినప్పుడల్లా
అందరికీ అదే అనుమానం.

పుస్తకం నాది. మార్కులు నేనే రాస్తాను.
పదమూడేళ్ల గురువారాలున్నాయి అందులో,
కొన్నిటి మీద గ్లాసు అడుగు ఊదారంగు ముద్ర.

ఒకటో నంబరు: "మా అత్తగారు" అంది డెలిత్.
అంతే రాసుకున్నాను.
రెండోది తడిసిన అట్టపెట్టె, అడుగున కాస్త ఆపిల్ తొక్క.
మూడోది బాగుందన్నారు.
ఎంత బాగుందంటే, ఎందుకు బాగుందో
చెప్పేలోపే అయిపోయింది.
నాలుగోదాని గురించి మాట్లాడుకోకపోవడం మేలు.

ఇక గెథిన్ సంగతి చెప్పాలి.
నలభై ఏళ్లు తగరపు రేకుల మిల్లులో
ఆమ్లపు తొట్ల పక్కన నిలబడి,
ఆవిర్లు తినగా మిగిలిన ముక్కుతోనే
మా అందరికీ వాసన చూడటం నేర్పాడు.
రెండేళ్ల కిందట జ్వరం వచ్చింది.
పోతూ పోతూ ఆ మిగిలిందీ పట్టుకుపోయింది.
ఆయన చెప్పలేదు. మేం అడగలేదు.
పొగలు కక్కుతున్న టోస్టు పక్కనే
తాపీగా పేపరు చదువుకుంటుంటే చూశాం, అంతే.

గురువారం మాత్రం మానలేదు.
గ్లాసు వంచి, కళ్లు మూసి,
"ఎండిన ప్లమ్... గుర్రపు జీను తోలు...
చలికాలం మూసేసిన ఇంట్లో
సముద్రం వైపు కిటికీ తెరిచినట్టు..."
ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాస్తాను.
"ఔను, తోలే!" అంటుంది డెలిత్.
నిజం చెప్పొద్దూ,
ఆయనన్నాక నాకూ తోలు వాసనే వస్తుంది.
పాత అటక మీంచి ఒక్కొక్కటే దించి ఇస్తున్నాడు,
మేం కింద చేతులు చాచి నిలబడుతున్నాం.
దీన్ని అబద్ధమని ఎవరనగలరు?

ఐదో నంబరు.
కొత్తగా చేరిన మాక్సెన్ ముందే అందుకున్నాడు:
నల్లద్రాక్ష, దేవదారు, పొగాకు, చాక్లెట్టు,
ఇంకా ఏవో, కిరాణా చీటీ చదివినట్టు.
గెథిన్ గ్లాసులో ముక్కు ముంచాడు.
చాలాసేపు తీయలేదు.
తీసి, బల్ల మీద పెట్టి, అన్నాడు:
"ఏమీ లేదు."

నా పెన్ను ఆగింది.
ఎలునెడ్ హీటరు మీది తొడుగుల్ని తిరగేయడం మొదలుపెట్టింది,
అవి ఆమెవి కాకపోయినా.
ఇన్నాళ్లూ మేం గుట్టుగా మోసిందాన్ని
ఆయనే నడిబల్ల మీద దించేశాడా?
ఏం చూడాలో తెలియక
డెలిత్ తన గ్లాసులోకి చూసింది, వాసన చూసింది, మళ్లీ చూసింది.
"నిజమే," అంది. "ఏమీ లేదు."
ఒకరి తర్వాత ఒకరం ముక్కులు పెట్టాం.
వానలో తడిసిన గాజు, అంతకుమించి సున్నా.
మాక్సెన్ చెవులు మేజోళ్ల రంగుకి తిరిగాయి.

మేజోడు లాగితే
లేబుల్ మీద రెండు లేళ్లు, మూడు పౌండ్ల తొంభై తొమ్మిది.
"లేళ్లు బాగున్నాయని కొన్నాను," అన్నాడు మాక్సెన్.
ముందుగా నవ్వింది గెథినే,
దగ్గొచ్చేదాకా.

పుస్తకంలో రాశాను: ఐదు. ఏమీ లేదు. గెథిన్.
పదమూడేళ్లలో అంత ముక్కుసూటి మాట ఇంకొకటి లేదు.
ఆయన కనిపెట్టాడా, ఒప్పుకున్నాడా,
నేను అడగలేదు.

బయట బస్టాపు రేకు కింద
కాలరు పైకి లాక్కుంటూ అడిగాడు,
"ఎలా ఉంది ఇవాళ వాన?"
"తడిసిన కుక్క," అన్నాను. "తుప్పు. ఎక్కడో చేపలు వేయిస్తున్నారు."
తలాడించాడు.
"చేపలా," అన్నాడు, "ఏ నూనెలో?"

అప్పుడు గుర్తొచ్చింది,
ఆరో సీసా ఇంకా మేజోడులోనే ఉందని.