బోర్డులు రాసేవాడు

బరంపురం దాటే ప్రతి దారి మొదట్లో
నేను రాసిన బోర్డు ఒకటి ఉంటుంది.
గోపాలపూర్ పదహారు.
తప్తపాణి యాభై.
ఒడియాలో ఒకసారి, హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.
తెలుగులో రాయమని ఎవరూ అనలేదు,
నేనూ అడగలేదు.
సుద్దముక్కతో కొలతలు గీసుకునేటప్పుడు మాత్రం
చెయ్యి దానంతటదే తెలుగులో రాసుకుంటుంది.
రంగు ఆరాక తుడిచేస్తాను.
మా ఇంట్లో తడిగుడ్డకి వచ్చినంత తెలుగు
మా పిల్లలకి రాదు.

ఇరవై రెండేళ్ళు.
కార్లు ఆగుతాయి, అద్దం దిగుతుంది,
"ఏముంటుంది భాయ్ అక్కడ?"
నిచ్చెన మీంచే చెప్పేవాణ్ణి, "బాగుంటుంది."
ఎలా బాగుంటుందో
నాకేం తెలుసు? నాకు తెలిసింది అంకె.

మొన్న శనివారం పని లేదు,
సంతకం పెట్టే బాబు కూతురి పెళ్ళికి పోయాడు.
సరసమ్మ అప్పడాలు ఎండలో పరుస్తూ,
తలెత్తకుండానే అంది:
"ఇన్నాళ్ళూ రాసినావు కదా,
ఓపాలి చదూకోరాదా?"

పాత మోపెడ్ తీశాను.
బస్టాండు పక్క బండి దగ్గర పూరీ ఉప్మా.
పూరీలోకి ఉప్మా పెట్టే ఊరు మాది.
పక్క ఊరివాళ్ళు నవ్వుతారు,
రెండో ప్లేటు దగ్గర నవ్వడం మానేస్తారు.

దిగపహండి దాటాక కొండలు దగ్గరకి జరిగాయి.
తప్తపాణిలో పైన కుండం దేవతది,
కిందకి జారిన నీళ్ళు మనుషులవి.
గంధకం వాసనకి నేను ముక్కు మూసుకుంటే
సరసమ్మ అప్పడాల కర్ర పట్టి పట్టి
వంకరపోయిన వేళ్ళు పదీ ముంచి
"ఎవరో ఇప్పుడే దించిన ఎసరులా ఉంది" అంది.
చాలాసేపు తియ్యలేదు.
నేను వాచీ చూసుకున్నాను, అలవాటు.
తర్వాత చూడ్డం మానేశాను.

సాయంత్రానికి గోపాలపూర్.
కూలిన జెట్టీ స్తంభాల మధ్య
పగిలిపోయి మళ్ళీ కలుస్తోంది అల.
ఇసకలో పొయ్యి పెట్టి చేపలు వేయిస్తోంది సూరాడ బైరమ్మ.
మా మాట విని మూకుడు పక్కకి జరిపింది:
"మీరు మనోళ్ళా? బరంపురంలోన ఉండి
ఇప్పుడా దారి తెలిసింది?"
ఆవిడ తెలుగులో ఉప్పు ఎక్కువ,
చేపకి సరిగ్గా సరిపోయింది.
"ఆ బోర్డు మీద ఏటి రాసుంది బాబూ?
ఎన్నాళ్ళనుంచో ఎవుర్నో ఒకర్ని అడగాలనుకుంతన్నాను."

అది నా బోర్డే. ఎరుపు మీద తెలుపు, ఆరేళ్ళ కిందటిది,
ఉప్పుగాలికి ఒక మూల లేచిపోయింది.
చదివి చెప్పాను: "ఇక్కడ సముద్రంలో దిగరాదు. ప్రమాదం."
బైరమ్మ అట్లకాడ పట్టుకుని నవ్వింది, నవ్వి,
తెప్పలు పోయినవైపు చూసింది.
"దిగొద్దంటే ఎలగ బాబూ,
మా పొయ్యి అందులోనే ఉంది."
చేపకి డబ్బులు తీసుకుంది,
చదివినందుకు ఇంకో ముక్క వేసింది.

ఆ పై శనివారం భేట్నోయి పోయాం.
వరిచేలో కృష్ణజింకలు, కొమ్ములు మెలితిరిగి,
సొంత పొలంలా మేస్తున్నాయి.
గట్టు మీద కూర్చున్న దైతారిని అడిగాను,
"పంట పోతోంది కదా, తోలవా?"
అవి వస్తేనే వాన వస్తుందని వాళ్ళ నమ్మకం.
బీడీ ఆర్పి అన్నాడు,
"వానని ఎవడైనా తోలుకుంటాడా?"
అరెకరం మేశాయి. నేను లెక్కపెట్టాను,
ఆయన లెక్కపెట్టలేదు.

సోమవారం మళ్ళీ నిచ్చెన.
గోపాలపూర్‌కి కొత్త బోర్డు, సగం రాశాను,
తెల్ల కారు ఆగింది, అద్దం దిగింది.
"ఏముంటుంది భాయ్ అక్కడ?"

బ్రష్షు డబ్బా మీద పెట్టి కిందకి దిగాను.
స్తంభాల మధ్య పగిలే అల దగ్గర మొదలుపెట్టి
బైరమ్మ పొయ్యి దాకా వచ్చి,
అక్కణ్ణించి ఉప్మా మీదకి పోయి,
ఎసరు అన్న మాటకి ఒడియాలో ఏమంటారో తట్టక
చేతులతో చూపించి...
వాళ్ళు ఇంజను ఆపేశారు.

పైకెక్కి చూస్తే
రంగు మీద మీగడ కట్టింది.