రెండు చుక్కలు తక్కువ

పద్దెనిమిదేండ్లు ఈ పట్నం గోడల మీద
ఉర్దూ రాసిన. చదవరాదు.
కాగితం మీద వాళ్లు గీసిస్తే
చూసి దించుడే.
కొడవలి, కొడవలి కడుపుల బొట్టు,
పడవ, పడవ కింద మూడు గింజలు.
ఎడమదిక్కు నుంచి మొదలువెట్టి
తోక గీసినంక తల గీసేటోన్ని.
కుంచెకు తెలుసు. నాకు తెల్వదు.

ఫ్లెక్సులొచ్చి రంగుడబ్బాలు ఎండిపొయ్యినయి.
ఇప్పుడు ఛత్తాబజార్ల ఒక ప్రెస్సుల
పెండ్లికార్డులు మడతవెడుత.
కంప్యూటర్ కాడ కూసునే నుజ్హత్
అన్నం తిన్నంక, ఖరాబైన కార్డుల వెనక
నాకు అక్షరాలు చెప్తది.

మొదటి నెల ఒక్కటి నిలువలే.
అలీఫ్, బే, పే, తే...
పొద్దున పోసిన నీళ్లు సందెకల్ల ఇంకిపొయ్యేటియి.
"ఉత్త పేర్లు పట్టుకోకు చాచా,
నువ్వు రాసిన బోర్డు ఒకటి యాదికి తెచ్చుకో" అన్నది.

కండ్లు మూస్తే వచ్చినయి:
శాలిబండ టైలరు, పురానాపూల్ పంక్చర్ షాపు,
యాకుత్‌పురా పాల దుకాణం,
నిచ్చెన మీద మడిమ నొప్పితోని సహా, గీతకు గీత.
ఆమె ఒక్కొక్క గీతకు సప్పుడు తగిలిచ్చింది.

బీఎస్సీ చదివిన పిల్ల.
తలకాయల రెండు కణాలు ఒక్కపారే మెరిస్తే
వాటి నడుమ తొవ్వ పడ్తదట,
నడిచినకొద్ది వెడల్పయితదట.
నిద్రల గూడ లోపట పని నడుస్తదట.
కావచ్చు.
రాత్రిళ్లు నాకు బేగంబజార్ గోదాముల
హమాలీల సప్పుడు వినవడుతున్నది.
చిరునామా లేక ఏండ్లకేండ్లు పడున్న మూటలు
ఒక్కొక్కటి భుజానికెక్కుతున్నయి.

మొన్న నయాపూల్ మీద, బస్సుల నిలవడ్డ.
ముందు పోతున్న ఆటో వెనక
మూడు చుక్కలు కనవడ్డయి.
అంతే.

తొంభై ఎనిమిది. హుస్సేనీఆలం. హోటలు బోర్డు.
తొందరల మూడు చుక్కల కాడ ఒక్కటే పెట్టి దిగిన.
సేఠ్ పొట్ట పట్టుకొని నవ్విండు,
గిరాకులు నవ్విండ్రు, కప్పులు కడిగే పోరడు నవ్విండు.
"ఔర్ దో లగా రే!"
ఎక్కి పెట్టిన. పైసలు తీసుకున్న.
ఎందుకు నవ్విండ్రో అడుగనీకి సిగ్గయింది.

చాయె.
రెండు చుక్కలు తీస్తే, జాయె.
రమ్మనే హోటలు నెత్తిన 'పో' అని రాసిన!

కండక్టర్ "క్యా హువా బాబా" అంటున్నడు.
రాడ్ పట్టుకొని నవ్వుతున్న నేను,
ఇరవై ఏడేండ్లు ఆలస్యంగ,
ఆ సేఠ్ పక్కన నిలవడి.