హైఫాంగ్ పోయే నఫీసాకు

మైత్రీవనం వెనక గల్లీల
చాయ్ చల్లారేదాంక ఆ కాయితం చదువు.
వారానికి ఇరవై గంటలని రాసుంటది,
ముప్పయ్యారు అనుకో.
ఆఖరి నెల జీతం వాళ్ల దగ్గర్నే ఉంటది,
నువ్వు తిరిగొచ్చినంక గూడ.

మొదటి దినం మేనేజరమ్మ
తలుపు దగ్గరికేసి మెల్లగ చెప్తది:
ఏ ఊరని పిల్లల తల్లులడిగితే
లండన్ అను.
నేనన్న.
రెండేండ్లు లండన్ల పుట్టిన,
దాని వాన ఒక్క చుక్క మీద పడకుండ.
ఆ ఊరి బొమ్మ గీయమన్నరు పిల్లలు.
చేతికొచ్చింది చార్మినారే.
గడియారముంది కదా,
నమ్మిన్రు.

గదిస్తరు, నల్లా కారుతది.
కరివేపాకు దొరకదు.
జరమొస్తె సెలవు అసలే దొరకదు.
పచ్చి మిరపకాయలకు మాత్రం కొదువ లేదు,
భయపడకు.

ఇంకొకటి, అడగలేదు గని చెప్తున్న.
తూయ్ అని ఏడేండ్ల పిల్ల,
ఏడాదంత నోరిప్పంది,
నేనొచ్చేసే దినం
గేటు కాడ నా సంచి పట్టుకోని
"టీచర్, టుడే ఓన్లీ గోయింగ్ ఆ?" అన్నది.

అచ్చం అమీర్‌పేట.
పక్కనే మేనేజరమ్మ
మంచిగ మాట్లాడిందని చప్పట్లు కొట్టింది.

చాయ్ తాగు, తొరక కడుతున్నది.