మైకు ఆటో

పెదజాలరిపేట సందుల్లో
నాలుగేళ్ళుగా ఒకటే ఆటో, ఒకటే గొంతు:
"ఎవరూ వేటకెళ్ళరాదు."

మొదట జబ్బుకని.
తర్వాత తుపానుకని,
తెచ్చి పోసిన ఇసకంతా మింగి
సముద్రం రోడ్డంచు కొరుకుతున్నప్పుడు.
ఇవాళ యుద్ధనౌకల విన్యాసాలకి.
కారణం మాత్రం రికార్డు చెయ్యలేదెవరూ.

బీచిరోడ్డు నిండా జనం, చప్పట్లు.
గంప బోర్లించి పరదేశమ్మ అడుగుతోంది:
"ఆ పేల్చిందొక్కటి అమ్మితే
ఎన్ని ఆక్సిజన్ బండలొస్తాయి బావూ?"
చేపల బేరం తప్ప
మరో లెక్క తెలీదామెకి.

ఆ గొంతు ఎల్లాజీది,
ఆమె మొగుడిది.
రెండో వేవ్‌లో, కేజీహెచ్ గేటు బయట
మంచం ఖాళీ అయ్యేలోపే ఆగిపోయింది.
టేపు మార్చలేదు.

ఇళ్ళలోనే ఉండండంటూ
ఆటో మలుపు తిరిగేదాకా
తలుపు తీసే వదిలేసి
దాని వెనకే నడుస్తుంది.